"మనం తెలుగువాళ్ళం కదా" అన్నాడని సంతకం పెట్టేశాను, ఇప్పుడేం చెయ్యాలి?

బరంపురం కిరాణా:
మాది బరంపురంలో చిన్న కిరాణా కొట్టు. పోయిన నెల ఒక పాలసీ ఏజెంటు వచ్చాడు. పొద్దస్తమానం ఒడియాలో బేరాలాడే నాకు, అతను "అన్నయ్యా, మనం తెలుగువాళ్ళం, మనలో మనకు మోసమేంటి" అనేసరికి మనసు మెత్తబడిపోయింది. ఇంటికి పిలిచి టీ ఇచ్చాం. మా ఆవిడని వదినా అన్నాడు, మా ఆరేళ్ళ పాప తల నిమిరి "రేపు మీకేమన్నా అయితే ఈ బంగారుతల్లి ఎవరి గుమ్మంలో నిలబడాలి" అన్నాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అతను పెన్సిల్ టిక్కు పెట్టిన చోటల్లా నేను సంతకం చేశాను. ఏడాదికి 48,000, 12 ఏళ్ళు కట్టాలట. అంత నావల్ల కాదు. బాండు వచ్చి 9 రోజులైంది, నిద్ర పట్టట్లేదు. ఇంత తేలిగ్గా ఎలా పడిపోయాను?

పర్లాకిమిడి మాస్టారు:
ముందు టెన్షన్ పడకండి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం బాండు చేతికందిన రోజు నుంచి 30 రోజులు ఫ్రీ లుక్ ఉంటుంది, అంటే పాలసీ వద్దనుకుంటే వెనక్కిచ్చేసే గడువు. కంపెనీ బ్రాంచికి మీరే వెళ్ళి రద్దు చేయమని రాసిచ్చి, తేదీ ముద్ర వేసిన కాపీ తెచ్చుకోండి, ఏజెంటు చేతికి మాత్రం ఇవ్వకండి. ఇన్నాళ్ళు మీకు బీమా ఉన్నందుకు రిస్క్ ప్రీమియం, స్టాంపు ఖర్చు, మెడికల్ టెస్టు జరిగి ఉంటే అదీ పట్టుకుని మిగతాది వెనక్కిస్తారు.

ఎలా పడిపోయానంటారా, ఒప్పించడానికి మూడు దారులని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు కదలడం, మాటలో ఉన్న తర్కం. మీ ఇంట్లో మొదటి రెండూ పనిచేశాయి, మూడోదాని దాకా రానేలేదు. సరే, మీరు పోతే ఎంత వస్తుందని ఉంది బాండులో?

బరంపురం కిరాణా:
4,80,000.

పర్లాకిమిడి మాస్టారు:
చూశారా! భయపెట్టింది మీ చావు గురించి, అంటగట్టింది పొదుపు పాలసీ. పాప పెద్దయ్యేదాకా ఆ డబ్బు ఏ మూలకి? ఆ భయం నిజమైనదే, దానికి పొదుపు లేకుండా, మనిషి పోతేనే డబ్బొచ్చే టర్మ్ పాలసీ చూసుకోండి, చాలా తక్కువ ప్రీమియానికే పెద్ద మొత్తం వస్తుంది.

రాయగడ ఆడపడుచు:
మనసు మీద కొట్టే ప్రతివాడూ మోసగాడు కాదండీ. మా పెదనాన్న "నీ పిల్లల మొహం చూడరా" అని ఏడ్చి ఏడ్చి మా నాన్నతో గుట్కా మాన్పించాడు, అందులో ఆయనకి ఒరిగిందేం లేదు, ఆలోచించుకోవడానికి నాన్నకి ఎన్నాళ్ళైనా టైమిచ్చాడు. మీ ఏజెంటు "ఇవాళే ఆఖరు" అన్నాడా లేదా? తొందరపెట్టాడంటే నాకు అక్కడే అనుమానం. మన భాష వినగానే కరిగిపోయినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే తెలుసు ఆ తీపి. దాన్ని వాడుకున్నాడనే నాకు మంట.

బరంపురం కిరాణా:
అన్నాడమ్మా, ఆ రోజు సాయంత్రం ఐదింటిలోపు కట్టాలన్నాడు. ఇందాక ఫోన్ చేసి "రద్దు చేస్తే నా టార్గెట్ పోతుంది అన్నయ్యా, నాకూ ఆడపిల్లే" అన్నాడు. కాసేపు మళ్ళీ కదిలిపోయాను. మాస్టారూ, ఉత్తరం రాసేశాను. రేపు కొట్టు మా ఆవిడ చూసుకుంటానంది, పదింటికి బ్రాంచికి వెళ్తున్నాను.