పని మీద దెబ్బలు నిజంగా తగ్గాయా, రాయడం తగ్గిందా? బెజవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి

రిజిస్టర్ గుమస్తా:
ఆటోనగర్‌లో ఒక చిన్న కార్మిక సంఘం ఆఫీసులో లెక్కలు రాస్తాను. మొన్న అటక దులుపుతుంటే పన్నెండేళ్ల కిందటి దెబ్బల పుస్తకం దొరికింది. పేజీలు నిండిపోయి ఉన్నాయి. ఎడమ చూపుడు వేలు, లేతు. కుడి కన్ను, గ్రైండింగ్ రవ్వ. పాదం, జాకీ జారి. పోయినేడాది పుస్తకం తీస్తే రెండు పేజీలు కూడా లేవు. ఫర్వాలేదే, బాగుపడ్డాం అనుకున్నా. అంతలో టీ తెచ్చే కుర్రాడు గ్లాసు పెడుతుంటే బొటనవేలికి కట్టు కనిపించింది. ఏమైందిరా అంటే, "పోయిన్నెల రేకులు నొక్కే ప్రెస్ మిషన్‌లో పడింది అన్నా, అందుకే అక్కడ మానేసి ఇక్కడ చేరా" అన్నాడు. ఆ వేలు మా పుస్తకంలో లేదు.
మీ దగ్గర ఎలా ఉంది? విన్నవి కాదు, కళ్లతో చూసినవి రాయండి.

ఏటుకూరు పిల్ల:
మా అమ్మ ఇరవై ఏళ్లు మిరపకాయల ముచ్చికలు తీసింది. కిలోకి ఇంత అని కూలి. సీజన్లో గుంటూరు మిర్చి యార్డుకి రోజుకు లక్ష టిక్కీలు (బస్తాలు) దాటి వస్తాయని పేపర్లో గొప్పగా వేస్తారు కదా, ఆ కాయ చాలామంది ఆడవాళ్ల వేళ్ల మధ్య నుంచే పోతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక తమ్ముణ్ణి మోచేతులతో ఎత్తుకునేది, అరచేయి తగిలితే పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చేవాడు. నీళ్లతో ఎంత కడిగినా ఆ మంట పోదు. మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఈ సంగతి నాకు ఇంటర్‌లో తెలిసింది, అమ్మకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. ముందు కొబ్బరినూనె రుద్దుకుని, తర్వాత సబ్బు.
ఇప్పుడు పని మానేసింది, దగ్గు మానలేదు. డాక్టరు ఆస్తమా అని రాశాడు. ఏం పని చేసేవారమ్మా అని ఒక్కరూ అడగలేదు. గుమస్తా గారూ, మీ పుస్తకంలో దగ్గుకి గడి ఉందా?

రిజిస్టర్ గుమస్తా:
లేదమ్మా. "దెబ్బ తగిలిన భాగం" అని ఉంది, అంతే.

పాత సేఫ్టీ ఆఫీసర్:
ఇరవై ఎనిమిదేళ్లు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ చూసి రిటైరయ్యాను. లెక్క తగ్గినట్టు కనిపించడానికి కారణాలు చాలా ఉంటాయి.
మొదటిది, ఎవరు ఫ్యాక్టరీ కిందికి వస్తారు అన్నది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు మిషన్లుంటే పది మంది, లేకపోతే ఇరవై మంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రత కోడ్‌లో అది ఇరవై, నలభై అయింది. పదిహేను మంది చేసే షెడ్డు నిన్నటిదాకా ఫ్యాక్టరీ, ఇవాళ కాదు. వేలు తెగడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.
రెండోది, మన జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు మూడు జిల్లాలైంది, కృష్ణాలోంచి ఎన్టీఆర్ జిల్లా విడిపోయింది, కొన్ని మండలాలు ఏలూరుకి పోయాయి. సరిగ్గా తొమ్మిదో రోజు, ఏప్రిల్ 13 రాత్రి, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో రసాయన ఫ్యాక్టరీ తగలబడి ఆరుగురు చనిపోయారు. ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. పది రోజుల ముందు జరిగి ఉంటే ఆ ఆరుగురూ కృష్ణా జిల్లా లెక్క, అప్పటికి ఏలూరు లెక్క. పాత గుంటూరునీ కొత్త గుంటూరునీ పక్కపక్కన పెట్టి తగ్గింది అనేవాళ్లని నేను చాలామందిని చూశాను.
ఇక దేశం మొత్తానికి సర్కారు లెక్క చూస్తే, 2017 నుంచి 2020 దాకా రిజిస్టరైన ఫ్యాక్టరీల్లోనే సగటున రోజుకు ముగ్గురు పోయారు. యార్డు హమాలీ, తాపీమేస్త్రి, పొలంలో మందు కొట్టే మనిషి అందులో లేరు.

షెడ్డు ఓనర్:
అందరూ ఓనర్ల మీదే రాస్తారు. నాకు తొమ్మిది మంది ఉన్నారు. వెల్డింగ్ అద్దాలు కొన్నా, గ్లవ్స్ కొన్నా. పెట్టుకోరండీ! ఉక్కపోతంటారు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుందని ఫోన్ చేస్తారు. నేనేం చేయాలి, పక్కన నిలబడి కట్టాలా?

ప్రెస్ మాస్టర్:
ఓనర్ గారూ, అద్దాల మాట నిజమే, మావాళ్లలో ఆ తెంపరితనం ఉంది. ప్రెస్ సంగతి వేరు. దానికి రెండు బటన్లుంటాయి, రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే పైది కిందికి దిగాలి. అప్పుడు చేయి లోపల ఉండే ప్రశ్నే లేదు. నేను పనిచేసిన చోట ఒక బటన్‌ని రూపాయి బిళ్ల పెట్టి టేపు వేసి బిగించేవాళ్లం. ఒక చేత్తో బటన్, ఒక చేత్తో ముక్క మార్చడం. గంటకి మామూలుగా అయ్యేదానికి దాదాపు సగం ఎక్కువ వస్తాయి. టేపు వేసింది మేమే, ముక్కకి ఇంత అని కూలి పెట్టింది ఎవరు? ఆ టేపు రోజూ చూస్తూ ఓనరు ఏమీ అనేవాడు కాదు. నా ఉంగరం వేలు సగమే ఉంది, అందుకే చెప్తున్నా.

షెడ్డు ఓనర్:
నా దగ్గర ప్రెస్ లేదు. కానీ ఆ మాట కాదనను.

నైట్ డ్యూటీ నర్స్:
బెజవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి క్యాజువాలిటీలో చేశాను. పేరు వద్దు. సిమెంటు అంటిన బట్టలు, కాలికి ఒకే చెప్పు, తొడ ఎముక విరిగింది. ఎలా పడ్డావు బాబూ అంటే మనిషి నోరు తెరిచేలోపే పక్కనున్న కాంట్రాక్టరు, "రూమ్‌లో మెట్ల మీద జారాడు మేడమ్" అంటాడు. ఆ పిల్లాడికి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. కేస్ షీట్‌లో మెట్లు అనే పడింది. పని మీద పడ్డాడని రాస్తే మెడికో లీగల్ కేసు అవుతుంది, పోలీసులకి కబురు వెళ్తుంది. ఆరు నెలల్లో ఎన్ని మెట్లు రాశానో! ఎండాకాలం అయితే ఇంకో మాట. మధ్యాహ్నం స్లాబ్ మీద కూలిపోయినవాణ్ణి తెచ్చి, "పొద్దున ఏం తిన్లేదండీ, నీరసం" అంటారు. మేలో, ఇక్కడి ఎండలో!

సోమవారం మనిషి:
గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో పద్దెనిమిదేళ్లు, అందులో పదకొండేళ్లు బ్లో రూమ్, కార్డింగ్. పత్తి దుమ్మంతా అక్కడే. ఆదివారం సెలవు ఉండి సోమవారం లోపలికి అడుగుపెట్టగానే ఛాతీ బిగదీసేది. మంగళ, బుధవారాలకి సర్దుకునేది. ఆదివారం తాగి వస్తారు, అందుకే సోమవారం ఆయాసం అని సూపర్‌వైజర్ నవ్వేవాడు. నేను తాగను. చాలా ఏళ్లకి ఛాతీ డాక్టరు ఒకాయన, "సోమవారం ఎక్కువగా ఉంటుందా?" అని తనే అడిగాడు. కుర్చీలోంచి లేవబోయాను, అంత ఆశ్చర్యం వేసింది. బిసినోసిస్ అంటారట. కొన్నేళ్లు పోతే అన్ని రోజులూ సోమవారమే. నాకిప్పుడు అంతే.

పాత సేఫ్టీ ఆఫీసర్:
అది పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఎప్పటి నుంచో ఉంది, పరిహారం చట్టంలోనూ ఉంది. రాతి క్రషర్ల దుమ్ముతో వచ్చే సిలికోసిస్ కూడా ఉంది. దాన్ని టీబీ అనుకుని మందులు మింగించేస్తుంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023 అంచనాలో పని వల్ల ఏడాదికి సుమారు 29 లక్షల చావులు. అందులో 26 లక్షలు జబ్బులవే, ప్రమాదాలవి 3.3 లక్షలు. మనం తగ్గాయా పెరిగాయా అని కొట్టుకునేది ఆ తొమ్మిదో వంతు గురించే.

బెంజ్ సర్కిల్ బాక్స్:
ఫుడ్ డెలివరీ చేస్తా. బండి జారి మోకాలు పోయింది, కంపెనీవాళ్లు యాప్‌లో నా ఐడీ ఆపేశారు. రోడ్డు ప్రమాదం అన్నారు. రోడ్డే కదా బ్రో మా ఆఫీసు.

జూనియర్ వకీలు:
పనికొచ్చే మాట ఒకటి చెప్తా. మనిషి పోయాక ఆ రాత్రే మార్చురీ దగ్గర బేరం మొదలవుతుంది. రెండు లక్షలు చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. అసలు లెక్క ఇలా: నెల జీతంలో సగం, వయసుని బట్టి ఒక గుణకం. 2020 నుంచి జీతం 15,000 దాకా లెక్కలోకి తీసుకుంటారు. నలభై ఏళ్ల మనిషికి గుణకం 184.17, అంటే 7,500 ఇంటూ 184.17, మొత్తం 13,81,275. ఆ డబ్బు కార్మికుల పరిహారం కేసులు చూసే కమిషనర్ దగ్గర జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది, కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, పరిహారం కింద చెల్లదు. వేలిముద్ర వేసినా హక్కు పోదు. కానీ రెండేళ్లలోపు కేసు వేయాలి. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉంటే దారి వేరు, గుణదల ఆస్పత్రిలో వైద్యం, కుటుంబానికి నెలనెలా డబ్బు. పది మంది, ఆపైన పనిచేసే చోట జీతం 21,000 దాటకపోతే ఈఎస్‌ఐ ఉండాలి. పేస్లిప్‌లో 0.75 శాతం కోత ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ఏటుకూరు పిల్ల:
అమ్మకి పేస్లిప్ ఎక్కడిదండీ. కిలోల చీటీ ఉండేది, సాయంత్రం డబ్బులిచ్చి చించేసేవాళ్లు.

జూనియర్ వకీలు:
ఎవరి దగ్గర చేశారో చెప్పే తోటి కూలీలు ఇద్దరు దొరికితే సాక్ష్యమే అక్కా. మానేసి ఎన్నేళ్లయింది?

ఏటుకూరు పిల్ల:
వచ్చే మార్చికి రెండేళ్లు.

జూనియర్ వకీలు:
అయితే ఆగకండి. ముందు ఛాతీ డాక్టర్ దగ్గరికెళ్లి, ఏం పని, ఎన్నేళ్లు అన్నది చీటీ మీద రాయించండి. అది లేకుండా నేనేమీ చేయలేను.

రిజిస్టర్ గుమస్తా:
పుస్తకంలో ఇవాళ స్కేలు పెట్టి రెండు గీతలు గీశా. ఒక గడి "జబ్బు", ఇంకో గడి "ఇదివరకు ఎక్కడ చేశాడు". టీ కుర్రాడి బొటనవేలు ఎక్కించా. ఏ షెడ్డు అని అడిగితే చెప్పనన్నాడు, వాళ్ల అన్న ఇంకా అక్కడే చేస్తున్నాడట.