చర్చ: అమెరికాలోని పాలొమార్ టెలిస్కోప్ కోసం పోసి పక్కన పెట్టిన గాజు బిళ్లకు గాజు మ్యూజియంలో అంత చోటు అవసరమా?

నీలిసీసా:
న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు మ్యూజియం చూసి వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. సుమారు 3,500 ఏళ్ల గాజు చరిత్ర అక్కడ ఉంది. ప్రాచీన ఈజిప్టు రాజు (ఫారో) రెండో అమెన్‌హోటెప్‌దని భావించే గాజు తల ఎత్తు 4 సెంటీమీటర్లే. వంగి చూస్తే తప్ప పెదవుల మలుపు కనిపించదు. అదే మ్యూజియంలో 200 అంగుళాల వెడల్పున్న బిళ్ల ఒకటి నిలబెట్టారు. టెలిస్కోప్ అద్దం కోసం పోసి, పాడైందని పక్కన పెట్టినది అది. 1951లో మ్యూజియాన్ని స్థాపించిన గాజు కంపెనీయే దాన్ని పోసింది కాబట్టి, నాకది కళకన్నా కంపెనీ ప్రచారంగానే కనిపించింది.

కొలిమిదగ్గర:
నీలిసీసా గారూ, అది కళకు మాత్రమే పరిమితమైన మ్యూజియం కాదు, గాజు మ్యూజియం. 1934 మార్చి 25న వేడికి తట్టుకునే పైరెక్స్ గాజును కరిగించి పెద్ద పెద్ద గరిటెలతో అచ్చులోకి పోస్తుండగా, బిళ్ల వెనక గుంతలు ఏర్పడేలా అచ్చులో పెట్టిన దిమ్మెలను పట్టి ఉంచిన ఉక్కు బోల్టులు ఆ వేడికి కరిగిపోయి, దిమ్మెలు ఊడి పైకి తేలాయి. ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకున్నారు కాబట్టే అదే ఏడాది డిసెంబరులో రెండో బిళ్ల కుదిరింది. దాన్ని చల్లార్చడానికే నెలల తరబడి పట్టింది. మ్యూజియంలో ఉన్న బిళ్లను పాడైన వస్తువు అనడం అన్యాయం.

నీలిసీసా:
అద్దంగా పనికివచ్చిందా, లేదా? రాలేదు. మరి పాడైనదనక ఏమనాలి?

కొలిమిదగ్గర:
మొదటిది అనాలి.

దారినపోతూ:
పిల్లలు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను చూసిన సంగతి ఇంతే.

కొలిమిదగ్గర:
మాట కోసం ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. ఒక పరిశోధనశాలలో ఇరవై రెండేళ్లు గాజు పరికరాలు ఊదాను. గొట్టం అతుకు కారితే నా పేరు అందరికీ తెలిసేది. అదే పరికరంతో ఫలితం వచ్చినప్పుడు పరిశోధన పత్రంలో నా పేరు ఒక్కసారీ రాలేదు. ఆ బిళ్ల ముందు నిలబడితే గరిటెలు మోసినవారు గుర్తుకొస్తారు.

నీలిసీసా:
మీకు జరిగిన అన్యాయాన్ని కాదనను గాని, దాన్ని తెచ్చి ఇక్కడ వాదనగా పెట్టడం సరికాదు. బిళ్లకు ఏమీ కాదు. నా భయమంతా నాజూకు వస్తువుల గురించే. సున్నం తక్కువై, క్షారం ఎక్కువైన పాత గాజు గాలిలోని తేమకు చెమర్చి, సన్నని పగుళ్లు పట్టి, క్రమంగా రాలిపోతుంది. ఒకసారి మొదలైతే వెనక్కి తిప్పలేము. మా అమ్మ దాచుకున్న గిన్నె అలాగే పోయింది. 1972 వరదలో ఆ మ్యూజియంలోని 13,000 వస్తువుల్లో 528 దెబ్బతిన్నాయి. చోటూ శ్రద్ధా ముందు వాటికి దక్కాలి.

కొలిమిదగ్గర:
అంటే వస్తువు మిగిలితే మీకు చాలు, చేసినవాడు ఎవరైనా ఒకటే!

నీలిసీసా:
ఈ మాట మాత్రం ఒప్పుకోను. ఆ ఫారో తలను మలిచినవాడి పేరు కూడా ఎవరికీ తెలియదు, మీరు చెప్పిన గరిటెలవారిలాగే. ఆ చేతి పని గురించి మనకు మిగిలిన సాక్ష్యం ఆ 4 సెంటీమీటర్లే. అది రాలిపోతే అతను ఉన్నాడనడానికి గుర్తే ఉండదు. నేను కాపాడమంటున్నది ఆ చేతినే.

కొలిమిదగ్గర:
ఇది మొదటే చెప్పి ఉంటే నేను గొంతు పెంచేవాణ్ణి కాదు. అయితే ఆ తల పక్కన దాన్ని ఎలా మలిచి ఉంటారో, ఈ బిళ్ల పక్కన గరిటె బరువెంతో, ఎందరు మోశారో, ఆ వేడికి ఎంత దూరంలో నిలబడ్డారో రాయాలని అడుగుదాం.

నీలిసీసా:
అలా అడగడానికి నేనూ సిద్ధమే. బిళ్లకిచ్చిన చోటు మాత్రం ఎక్కువేనని ఇప్పటికీ అంటాను.