సిమ్యులేటర్‌లో పడే గేరు బండిలో ఎందుకు పడట్లేదు?

కొత్త_చెయ్యి:
పొద్దున్నుంచీ ఇదే గోల, ఇక నా వల్ల కాక అడుగుతున్నా. మూడు వారాలు లారీ సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టారు. గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడ్డాయి. ఇవాళ నిజం బండి ఎక్కిస్తే ప్రతి గేరుకీ కరకర. పక్కనున్న సారు మొహం చూడలేకపోయా. సిమ్యులేటర్ మీద నేర్చుకున్నదంతా దండగేనా?

పాతడీజిల్:
దండగే. బండి మీద నేర్చుకో.

రూల్స్‌రాజు:
దండగ అని తేల్చెయ్యకండి. ఐరోపా సమాఖ్య 2003/59 ఆదేశం, ఇప్పుడు దాని చోట ఉన్న 2022/2561 చూడండి. లారీ వృత్తిలోకి వచ్చేవాళ్ల ప్రాథమిక శిక్షణలో స్టీరింగ్ పట్టాల్సినవి 20 గంటలైతే, అందులో 8 గంటల దాకా మేలురకం సిమ్యులేటర్ మీద చెయ్యనిస్తారు. అమెరికాలో దీనికి పూర్తిగా ఎదురు. 2022 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చిన నిబంధనల్లో స్టీరింగ్ పట్టే శిక్షణంతా నిజం బండి మీదే జరగాలి, సిమ్యులేటర్ గంటలు లెక్కలోకి రావు. ఇంకో సంగతి, అక్కడ ఆటోమేటిక్ మీద పరీక్ష ఇస్తే మాన్యువల్ నడపకూడదని లైసెన్సు మీదే...

పాతడీజిల్:
ఆ అబ్బాయి గేరు పడట్లేదంటే నువ్వు చట్టం చదువుతావేంటయ్యా.

షెడ్డుమనిషి:
తమ్ముడూ, ఏం గేర్‌బాక్సు? సింక్రో, అంటే గేరు పళ్ల వేగాల్ని తనే కలిపే ఏర్పాటు, ఉందా? కరకర గేరు పెంచేటప్పుడా, తగ్గించేటప్పుడా? ఇవేవీ చెప్పకుండా ఒళ్లు బాగాలేదు మందివ్వండి అంటే ఏమిచ్చేది?

కొత్త_చెయ్యి:
మామూలు లారీ గేర్‌బాక్సే అన్నా. పది గేర్లు. రాడ్డు మీద పైకీ కిందికీ జరిపే బుడిపె ఉంది.

షెడ్డుమనిషి:
పది గేర్లు, రేంజ్ బుడిపె (కింది ఐదు గేర్ల నుంచి పై ఐదింటికి మార్చేది) అంటే చాలావరకు సింక్రో లేని బాక్సే. సారుని అడిగి ఖాయం చేసుకో. సిమ్యులేటర్‌లో ఏది పెట్టారో కూడా అడుగు. సింక్రో ఉన్నట్టు పెట్టి నేర్పితే నువ్వు నేర్చుకున్నది వేరే బండి.

గేరుపిచ్చోడు:
క్రాష్ బాక్స్ అన్నమాట.

షెడ్డుమనిషి:
కాదు. క్రాష్ బాక్స్ అంటే పళ్లచక్రాలే పక్కకి జరిగి ఒకదాంట్లో ఒకటి దూరే పాతకాలపుది. ఇది కాన్‌స్టెంట్ మెష్. చక్రాలు ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, అరిచేది వాటి మధ్య జరిగే డాగ్ క్లచ్ పళ్లు.

గేరుపిచ్చోడు:
సింక్రో లేని ప్రతిదాన్నీ మేం క్రాష్ అనే అంటాం. పాతిక మంది డ్రైవర్లని అడగండి.

షెడ్డుమనిషి:
పాతిక మంది తప్పుగా అంటే అది ఒప్పైపోదు.

పాతడీజిల్:
పేరేదైనా అరుపు అదే. తమ్ముడూ, స్క్రీన్ మీద చూసినట్టు మీటర్నే చూడకు, ఇంజిన్ చప్పుడు విను. ఇంజిన్ నిమిషానికి 1500 చుట్ల దగ్గర గేరు తీస్తే పై గేరుకి సుమారు 1100కి దిగాలి. తగ్గించేటప్పుడు తిరకాసు, 1100లో తీసి న్యూట్రల్‌లో 1500కి లేపి అప్పుడు వెయ్యాలి. ఖాళీ బండి అయితే కాస్త తీరిక ఉంటుంది. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే నువ్వు ఆలోచించేలోపు బండి వేగం పడిపోతుంది, నీ లెక్క మారిపోతుంది. కుర్చీలో కూర్చుంటే ఆ బరువు తెలీదు.

కొత్త_చెయ్యి:
చెప్పడం మర్చిపోయా. పెంచేటప్పుడు పెద్దగా లేదు, తగ్గించేటప్పుడే అరుస్తోంది. డబుల్ క్లచ్ (న్యూట్రల్‌కి ఒకసారి, గేరుకి ఒకసారి క్లచ్ తొక్కడం) కొడుతూనే ఉన్నా, ఎక్సలేటరూ ఇస్తున్నా. పెడల్ కూడా పూర్తిగా నేలకి తొక్కుతున్నా. సిమ్యులేటర్‌లో సగం తొక్కితే ఎర్ర లైటు వచ్చేది మరి.

షెడ్డుమనిషి:
"ప్రతి గేరుకీ" అన్నావు ఇందాక! సరే, దొంగ దొరికాడు. ఇలాంటి బాక్సుల్లో పెడల్ అడుగున చివరి అంగుళంలో క్లచ్ బ్రేక్ ఉంటుంది. ఆగిన బండిలో మొదటి గేరు వెయ్యడానికి లోపల తిరిగే ఇన్‌పుట్ షాఫ్ట్‌ని ఆపే బ్రేక్ అది. నువ్వు ఎక్సలేటర్ ఇచ్చి ఆ షాఫ్ట్‌ని లేపుతున్నావు, వెంటనే పెడల్ నేలకి తొక్కి నువ్వే దాన్ని పట్టి ఆపుతున్నావు. పళ్లు కలవమంటే ఎలా కలుస్తాయి? పైగా నడిచే బండిలో అలా తొక్కితే ఆ బ్రేక్ ముక్కలవుతుంది, మార్చాలంటే పెద్ద పని. క్లచ్ విడిపోయేంత వరకే తొక్కు, రెండు మూడు అంగుళాలు చాలు.
సిమ్యులేటర్‌ని పూర్తిగా తిట్టను. ఏ గేరు ఎక్కడుందో, దేని తర్వాత ఏదో చూడకుండా చెయ్యి వెళ్లడం దాని మీద బాగానే వస్తుంది. ఆ అవస్థ లేకుండా బండెక్కావు, అదీ లాభమే. కాలికి మాత్రం అది చెప్పేదేమీ లేదు, నీ విషయంలో అయితే తప్పే చెప్పింది.

గేరుపిచ్చోడు:
దాన్ని డబుల్ డీక్లచ్ అనాలి, డబుల్ క్లచ్ కాదు. పేర్ల విషయంలో ఇంత పట్టింపు ఉన్నవాళ్లు ఇదెలా వదిలేశారో.

షెడ్డుమనిషి:
రెండూ అంటారు.

గేరుపిచ్చోడు:
ఆహా.

రూల్స్‌రాజు:
ఎలాగూ అన్నీ ఆటోమేటిక్ అయిపోతున్నాయి, ఈ తంటా ఇంకెన్నాళ్లు?

కొత్త_చెయ్యి:
సాయంత్రం సగమే తొక్కి చూశా. 8 నుంచి 7 చప్పుడే లేదు. 6 నుంచి 5కి మాత్రం ఇంకా అరుస్తోంది. థాంక్సన్నా, రేపు చూస్తా.

పాతడీజిల్:
6 నుంచి 5 అంటే రేంజ్ మారే చోటు. బుడిపె ఎప్పుడు జరుపుతున్నావు? గేరులో ఉండగానే ముందు కిందికి జరపాలి, రాడ్డు న్యూట్రల్‌కి వచ్చాక గాలి ఒత్తిడే రేంజ్ మారుస్తుంది. సిమ్యులేటర్‌లో ఎప్పుడు నొక్కినా మారిపోతుంది కదా. ఉన్నావా తమ్ముడూ?