కెనడా 25 సెంట్లు, జింక బొమ్మ: మూడు గైడ్లలో మూడు రేట్లు, ఏది నమ్మాలి?

పల్నాటి పిల్లోడు:
మధ్యాహ్నం నుంచి ఇదే పని, తల వాచిపోయింది. మా పెద్దబావ కెనడా నుంచి వచ్చేసినప్పుడు తెచ్చిన చిల్లర డబ్బా ఒకటి మా ఇంట్లో ఉంది, అందులో 25 సెంట్ల బిళ్ళలు, జింక తల ఉన్నవి, దండిగా ఉన్నాయి. అమ్మేద్దామని రేటు వెతికితే నుమిస్టా అనే నాణేల సేకర్తల వెబ్‌సైట్‌లో ఒకటి, నాణేలకి గ్రేడ్ ఇచ్చే ఎన్‌జీసీ కంపెనీ గైడ్‌లో దానికి ఎన్నో రెట్లు, ఫ్రెండ్ దగ్గరున్న క్రౌజ్ వాళ్ళ పాత నాణేల రేట్ల పుస్తకంలో ఇంకోటి. ఈబేలో ఒకడైతే వేల డాలర్లు పెట్టాడు. ఒకే నాణేనికి ఇన్ని రేట్లేంటండీ? ఈ కాకిలెక్కలు ఎవరు రాస్తారు? సరైన రేటు ఇచ్చే గైడ్ ఒక్కటి చెప్పండి చాలు.

చార్మినార్ చిల్లర:
ఏ సంవత్సరం?

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
రేటు సంగతి తర్వాత. ముందు వాటిని కడగలేదు కదా? మనవాళ్ళకి ఓ జబ్బుంది, పాత నాణెం కనిపిస్తే చాలు చింతపండుతోనో, బూడిదతోనో, రాగి చెంబు తోమినట్టు తోమేస్తారు. తోమిన నాణేనికి ఏ గైడ్ రేటూ వర్తించదు, ఎంత మెరిసినా సరే. ఇంకోటి, మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి, కొన్నేళ్ళకి ఆ ప్లాస్టిక్ నుంచి ఆకుపచ్చ జిగురు దిగి నాణేన్ని తినేస్తుంది. గట్టి హోల్డర్లు గానీ, కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు గానీ కొనండి. అలాగే ఎవడైనా ఫోన్ చేసి "మీ నాణేలు లక్షలు పలుకుతాయి, ముందు ఫీజు కట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పుకుని ఇలాంటి మోసాలు జరుగుతున్నాయని ఆ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది.

పల్నాటి పిల్లోడు:
కడగలేదు సార్, స్టీలు డబ్బాలోనే ఉన్నాయి. సంవత్సరాలు రకరకాలు అన్నా, కానీ బొమ్మ ఒకటే కదా, ఓ పక్క రాణి, ఓ పక్క జింక. ఎక్కువ 1968వి. 74, 75వి కొన్ని.

మేపుల్ మామిడి:
ఆ 1968 అన్నమాట మొదటే చెప్పి ఉంటే సరిపోయేది బాబూ! అది మామూలు జింక కూడా కాదు, కరిబూ అనే మంచుదేశాల జింక. ఆ ఏడాది ఇక్కడ కెనడాలో రెండు రకాల 25 సెంట్లు కొట్టారు. వెండి రేటు పెరిగిపోతుంటే 1967 మధ్యలో 80 శాతం వెండిని 50కి దించారు, 1968 మధ్యలో అసలు వెండే తీసేసి నికెల్ పెట్టారు. బొమ్మ, రాణి, అంకెలు అన్నీ ఒకటే. గైడ్లలో 1968 కింద రెండు వరుసలు ఉంటాయి, నువ్వు ఒకచోట వెండిది, ఇంకోచోట నికెల్‌ది చూసి ఉంటావు.
అయస్కాంతం తెచ్చి పెట్టు. అంటుకుంటే నికెల్, లేకపోతే వెండి. అనుమానముంటే తూచు, వెండిది 5.83 గ్రాములు, నికెల్‌ది 5 గ్రాముల పైచిలుకు అంతే. 1974, 75వి ఎలాగూ నికెలే, చూడక్కర్లేదు. అడవిపిల్లి బొమ్మతో 1967వి కనిపిస్తే అయస్కాంతంతో లాభం లేదు, రెండు రకాలూ వెండే, బరువూ ఒకటే.

గళ్ళపెట్టె:
అమ్మా, అది సగం కారణమే. రకం సరిగ్గా పట్టినా మూడు గైడ్లూ కలవవు. క్రౌజ్ ప్రచురణ సంస్థని నడిపిన కంపెనీ 2019లో దివాలా పిటిషన్ వేసింది, కాబట్టి తమ్ముడి ఫ్రెండ్ దగ్గరున్నది ఎంత లేదన్నా పాత రేటే. 50 శాతం వెండి ఉన్న ఈ బిళ్ళలో 0.0937 ఔన్సు వెండి ఉంటుంది. ఔన్సు 15 అమెరికా డాలర్లుంటే అది డాలరు నలభై సెంట్లు, 30 అయితే రెండు డాలర్ల ఎనభై. పుస్తకంలో అచ్చయిన అంకె ఈలోపు కదలదుగా. 2011 ఏప్రిల్‌లో 48 దాకా పోయిన వెండే 2020 మార్చిలో 12 దగ్గరికి పడింది. వెండి నాణేలకి గైడ్ చూడకు, ఇవాళ్టి వెండి రేటు చూడు. నికెల్‌వి మా నాణేల షాపుకి వస్తే కిలోల లెక్కన తీసుకుంటాం, గైడ్‌లో డాలరు రాసి ఉన్నా సరే.

చార్మినార్ చిల్లర:
కిలోల లెక్కన కొని, మళ్ళీ అవే గైడ్ రేటుకి ఒక్కొక్కటిగా అమ్ముతారు.

గళ్ళపెట్టె:
అమ్ముతాం మరి. గైడ్ రేటంటే షాపువాడు అమ్మే రేటు, నీ దగ్గర కొనే రేటు కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ ఒకటి, బయట ఎకరం రేటు ఒకటి ఉన్నట్టే. ఒక్క నాణెం తీసి, కవర్‌లో పెట్టి, పేరు రాసి, ఫొటో తీసి అమ్మేసరికి దాని విలువకంటే ఆ చాకిరీయే ఎక్కువ. చవక నాణేలకి గైడ్‌లో కనపడే కనీస ధర ఆ చాకిరీదే.

చార్మినార్ చిల్లర:
నుమిస్టా అమ్మే రేటు కాదు. సభ్యులు ఇచ్చిన అంచనాలు, అమ్మకాలు కలిపి వేస్తారు. అందులో రేరిటీ (అరుదు) అంకె ఎంతమంది సభ్యుల దగ్గరుందో చెప్తుంది, అది చూసి రేటు ఊహించుకోవద్దు. ఈబేలో అడిగిన ధర వదిలేసి, అమ్ముడుపోయిన వాటికి ఫిల్టర్ పెట్టి చూడాలి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
నాణెం ఎంత అరిగిందో చెప్పే గ్రేడ్ మాట ఎవరూ ఎత్తలేదేం? ఎన్‌జీసీలో కళ్ళు తిరిగే అంకెలు వాళ్ళు గ్రేడ్ చేసి సీల్ వేసిన పై గ్రేడ్‌లవి. డబ్బాలో గలగలలాడినవి అన్‌సర్క్యులేటెడ్, అంటే వాడకంలోకే రాని యూఎన్‌సీ గ్రేడ్, అవ్వవు.

గళ్ళపెట్టె:
మెరుపుంటే యూఎన్‌సీ అనే అంటారు సార్, మార్కెట్లో అందరూ అలాగే రాస్తారు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
అందరూ రాస్తే అయిపోతుందా? రాణి జుట్టు మీద ఎత్తైన చోట అరుగుదల కనిపిస్తే అది ఏయూ, అంటే దాదాపు కొత్తది, ఇంకా అరిగితే దాని కింది గ్రేడ్ ఎక్స్‌ఎఫ్. అమ్మేటప్పుడు యూఎన్‌సీ, కొనేటప్పుడు "అరిగింది బాబూ" అంటారు మీరు.

గళ్ళపెట్టె:
మాస్టారూ, మీకు నేను ఎప్పుడైనా అలా అమ్మానా?

మేపుల్ మామిడి:
మీ ఇద్దరి గొడవ తర్వాత చూసుకోండి. బాబూ, ఒక్కో నాణేన్ని గ్రేడింగ్‌కి పంపే ఆలోచన పెట్టుకోకు, ఫీజే దానికంటే ఎక్కువవుతుంది.

పల్నాటి పిల్లోడు:
పాత స్పీకర్ అయస్కాంతంతో చూశా. 74, 75 అన్నీ అంటుకున్నాయి. 68వాటిలో సగం పైనే అంటుకోలేదు! రేపు బంగారం కొట్లో తూయిస్తా. థాంక్స్ అక్కా.

గళ్ళపెట్టె:
అంటుకోనివి అమ్మేటట్టయితే నాకు మెసేజ్ పెట్టు తమ్ముడూ.

పల్నాటి పిల్లోడు:
ఎంతకి తీసుకుంటారు అన్నా?

గళ్ళపెట్టె:
చూశాక చెప్తా.