సమస్య (చివరి పాదం ఇచ్చాం, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి): “పస్తులున్నవాఁడె బలము నిచ్చె”

నిర్వాహకుడు (నల్లకుంట): ఈ వారం ఆటవెలది. యుద్ధం వేళ నాయకుడి మాటను జనం ఎందుకు నమ్ముతారో పద్యంలో చెప్పాలి. ప–బ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరడం) నేనే కట్టిపెట్టాను, వంకలు వద్దు.

సికింద్రాబాద్ మాస్టారు:

ఇంటివారి తోడ నొంటిపూట నిలిచి
పిదప దేశమంత వినగ నడిగె
శాస్త్రి వెంట నడిచె జై జవానని జాతి
పస్తులున్నవాఁడె బలము నిచ్చె

1965. ఒక పక్క యుద్ధం, ఇంకో పక్క తిండిగింజల కొరత. వారానికి ఒక పూట మానమని అడిగే ముందు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు తన ఇంట్లో మానిపించి చూశారు. మా అమ్మమ్మ కూడా సోమవారం రాత్రి పొయ్యి మీద పిల్లల పాలగిన్నె ఒక్కటే పెట్టేదట.

నిర్వాహకుడు: ఇంటి–ఒంటి ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) హాయిగా కుదిరింది. ప్రాణమంతా ‘ఇంటివారి తోడ’లో ఉంది. అది తీసేస్తే మిగిలేది ఉపన్యాసమే.

బర్కత్‌పుర: మన నిజాం అప్పుడే ఐదు టన్నుల బంగారం దానమిచ్చాడుగా, అదీ పెట్టాల్సింది మాస్టారూ!

మాస్టారు: దానం కాదు బాబూ, గోల్డ్ బాండ్లు. 425 కిలోలు, అదీ వడ్డీకి. పస్తుల లెక్కలోకి రాదు.

మలక్‌పేట కుర్రాడు:

రక్తబాష్పఘర్మ రాశులే నాయొద్ద
నున్న వనుచు మొదట నొప్పుకొనియె
చర్చిలయ్య మాట జనులకు ధైర్యమై
పస్తులున్నవాఁడె బలము నిచ్చె

నిర్వాహకుడు: బ్రిటన్ ప్రధాని చర్చిల్ 1940 మే 13 నాటి ప్రసంగం: రక్తం, శ్రమ, కన్నీరు, చెమట. అందులోని ‘శ్రమ’ ఒక్కటీ జారిపోయింది. కష్టాన్ని దాచకుండా ముందే చెప్పడమూ నమ్మకం పుట్టించే దారే, బాగా పట్టావు. కానీ చర్చిల్ పస్తున్నదెప్పుడు నాయనా? చుట్టా మానలేదు, షాంపేనూ మానలేదు. మూడు పాదాలదొక దారి, సమస్యదొక దారి. ‘చర్చిలయ్య’కు మాత్రం నవ్వాగలేదు.

కుర్రాడు: గణాల టెన్షన్‌లో అర్థం చూసుకోలేదు సర్.

ఉప్పల్: ఆ పస్తులెవరివో నేను చెప్తా.

మాట తీపి యచట మంటలు కడుపులో
వంగరైతు కిచట, వాని బిడ్డ
సైన్యమందుఁ జేరి సాగె నిటలి దాఁక
పస్తులున్నవాఁడె బలము నిచ్చె

1943 బెంగాల్ (వంగదేశం) కరువు. అదే ఏడు మన సిపాయిలు బ్రిటన్ పక్షాన ఇటలీలో దిగారు.

నిర్వాహకుడు: భేష్, సమస్యనే తిరగేశారు! బలమిచ్చింది మాట చెప్పినవాడు కాదన్నమాట. ఒక్క చిక్కు. ఆ సైన్యంలో పంజాబువాళ్లు ఎక్కువ, వంగరైతు బిడ్డలు తక్కువ.

ఉప్పల్: ‘వంగ’ను కదిపితే యతి పోతుందండీ.

మాస్టారు: వంగను ఉంచండి. ‘వాని బిడ్డ’ను ‘వాని సాటి’ చేస్తే గణం, యతి, చరిత్ర మూడూ నిలుస్తాయి.

ఉప్పల్: మార్చాను మాస్టారూ. బిడ్డ పోయిందనే బాధ.