బోర్డ్ గేమ్ కంపెనీలన్నీ ఒక్కరి చేతికే పోతే మనకు దొరికే రకాలు తగ్గుతాయా?

ప్రశ్న: ఆదివారం_పావులు (ఎంవీపీ కాలనీ, విశాఖ)

కాలనీలో ఆదివారాలు ఆడుకునేవాళ్ల కోసం ఉమ్మడి గేమ్ లైబ్రరీ పెడుతున్నాం. మొదటి విడతకి ఇరవై పెట్టెలు. కటాన్, టికెట్ టు రైడ్, పాండెమిక్, కార్కసోన్, సెవెన్ వండర్స్, స్ప్లెండర్, అజూల్... పెట్టెల మీద కంపెనీ పేర్లు వేరువేరుగా ఉన్నా, ఆరా తీస్తే అన్నీ అస్మొడే అనే ఫ్రెంచి ఆటల కంపెనీ దగ్గరికే చేరుతున్నాయి. ఇలా ఒకదాన్ని ఒకటి కొనుక్కుంటూ పోతే ముందుముందు రకాలు తగ్గిపోతాయా? అలాగైతే ఇప్పుడే కొనిపెట్టుకోవాల్సినవి ఏవి, ఆగినా ఫర్వాలేనివి ఏవి? పావులు పోతే ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు 1: అరల_మనిషి

కొత్త ఆటలు తగ్గవండి. చైనాలో అచ్చువేసే ఫ్యాక్టరీలు వెయ్యి, పదిహేను వందల కాపీలకే ఆర్డరు తీసుకుంటాయి. ముందే డబ్బు పోగుచేసి ఆట తెచ్చే పద్ధతులూ ఉన్నాయి. జీఎంటీ గేమ్స్ పీ500 పేరుతో చేసేది అదే, 500 ఆర్డర్ల దాకా వస్తే ముద్రణ వరసలోకి ఎక్కిస్తారు. కాబట్టి చిన్న కంపెనీలు పుడుతూనే ఉంటాయి.

దెబ్బ పడేది మధ్యరకం ఆటల మీద. అద్భుతంగానూ అమ్ముడుపోవు, మూలనా పడవు, ఏడాదికి కొన్ని వేల కాపీలు పోతాయి. చిన్న కంపెనీకి అది బతుకుతెరువు, పెద్ద కంపెనీకి లెక్కలో రాని అంకె. అస్మొడే సంగతే చూడండి. 2014లో డేస్ ఆఫ్ వండర్, ఫాంటసీ ఫ్లైట్ కంపెనీలు, 2016లో కటాన్ ఇంగ్లిష్ హక్కులు, అదే ఏడాది పాండెమిక్ వేసే జీ-మాన్, 2021లో అజూల్ తెచ్చిన ప్లాన్ బీ దాని చేతికొచ్చాయి. 2022లో ఎంబ్రేసర్ అనే స్వీడన్ వీడియోగేమ్ కంపెనీ 275 కోట్ల యూరోలకు ఆ అస్మొడేనే కొనేసింది. మళ్లీ విడదీసి 2025 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్ మార్కెట్లో పెట్టేముందు దాని నెత్తిన 90 కోట్ల యూరోల అప్పు పెట్టింది. వడ్డీ కట్టాల్సిన కంపెనీ, టికెట్ టు రైడ్‌కి ఇంకో మ్యాపు వేస్తుందా, మూడు వేలు అమ్ముడయ్యే ఆటని మళ్లీ అచ్చువేస్తుందా? నా లెక్కలో మొదటిదే.

హక్కులు ఒకచోట ఇరుక్కుంటే ఏమవుతుందో 1998లోనే చూశాం. బొమ్మల కంపెనీ హాస్‌బ్రో, అవలాన్ హిల్ అనే ఆటల కంపెనీని కొన్నాక దాని యుద్ధపు ఆటలు చాలావరకు అటకెక్కాయి. వాటిలో ఒకటైన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ ఈరోజుకీ బతికుందంటే ఎంఎంపీ అనే చిన్న సంస్థకి లైసెన్సు ఇవ్వబట్టే. అవలాన్ హిల్ ఆటలే అయిన డిప్లొమసీ, అక్వయర్‌ని ఇప్పుడు రెనిగేడ్ అనే కంపెనీ వేస్తోంది, అదీ హాస్‌బ్రో లైసెన్సు మీదే. అందుకే ఆట ఎవరిదన్నది ఒక్కటే చూడకండి, లైసెన్సు బయటికి ఇచ్చే అలవాటు ఆ కంపెనీకి ఉందా అన్నదీ చూడండి.

కొనే వరస: కటాన్, టికెట్ టు రైడ్, కార్కసోన్ మీద తొందర లేదు, ఎవరి చేతిలో ఉన్నా అచ్చవుతూనే ఉంటాయి. మీ జాబితాలోని మధ్యరకం ఆటలు, వాటికి అదనంగా అమ్మే ఎక్స్‌పాన్షన్ పెట్టెలు ముందు తీసుకోండి.

జవాబు 2: కార్డు_వెనకవైపు

ఎక్స్‌పాన్షన్ల దగ్గర ఇంకో చిక్కుంది. పాండెమిక్ 2008లో వచ్చింది. 2011లో జీ-మాన్ చేతులు మారింది, 2013లో కొత్త ముద్రణ వచ్చింది, కార్డుల వెనక బొమ్మ మారింది. పాత పెట్టెలో ఆన్ ది బ్రింక్ అనే ఎక్స్‌పాన్షన్ కొత్త ముద్రణ కార్డులు కలిపితే పైకార్డు ఏ పెట్టెదో వెనకనుంచే తెలిసిపోతుంది. సెవెన్ వండర్స్‌ది కూడా అంతే, 2010 ముద్రణకీ 2020 ముద్రణకీ ఎక్స్‌పాన్షన్లు కలవవు. కాకపోతే దీన్ని కంపెనీలు కలవడం మీదికి నెట్టడం న్యాయం కాదు, ఆటనే సరిదిద్ది మళ్లీ వేశారు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పెట్టె అడుగున ముద్రణ సంవత్సరం ఫొటో, ఒక కార్డు వెనకవైపు ఫొటో అడిగి తెప్పించుకోండి. తేడా ఉంటే వెనక రంగు కనపడని స్లీవ్‌లు (కార్డుకి వేసే ప్లాస్టిక్ తొడుగులు) వేయాలి. పాండెమిక్‌కి 63.5×88 మి.మీ., సెవెన్ వండర్స్‌కి 65×100. మొత్తం కట్టకి ఒకేసారి, ఒకే రకం కొనండి. సగానికి సగం కొంటే రంగులో, మందంలో తేడా వచ్చి మళ్లీ అదే గుర్తు పట్టడం మొదలవుతుంది. మన సముద్రపు గాలికి స్లీవ్ లేని కార్డు ఎలాగూ విల్లులా వంగుతుంది, పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి.

టికెట్ టు రైడ్‌కి ఈ బాధ తక్కువ. మ్యాప్ ఎక్స్‌పాన్షన్లు అసలు పెట్టెలోని రైళ్లూ కార్డులతోనే ఆడతారు. రంగుకి 45 రైళ్లు, 110 రైలు కార్డులు సరిగా ఉంటే చాలు.

జవాబు 3: లక్కపిడత

విడిభాగాల సంగతి నేను చెప్తా. 2020 ఫిబ్రవరిలో అస్మొడే ఉత్తర అమెరికా శాఖ విడిభాగాలు పంపడం మానేసి, కొన్న దుకాణంలోనే మార్చుకోమంది. అక్కడే అలా ఉంటే మనం ఎక్కడికని రాస్తాం? పెట్టె రాగానే, వాపసు గడువు దాటకముందే లెక్కపెట్టండి. కటాన్‌లో 19 భూమి ముక్కలు, 18 అంకెల బిళ్లలు, 95 వనరుల కార్డులు, 25 డెవలప్‌మెంట్ కార్డులు; రంగుకి 15 రోడ్లు, 5 ఊళ్లు, 4 నగరాలు. కార్కసోన్‌లో నది ముక్కలు వదిలేసి 72.

ఇంకో మాట. విశాఖలో రకాలు తగ్గడానికి విలీనాలకంటే పెద్ద కారణం 2021 జనవరి 1 నుంచి అమలైన బొమ్మల నాణ్యత ఉత్తర్వు అని నా అభిప్రాయం. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువు ఏదైనా ఐఎస్ఐ గుర్తు ఉండాలి, విదేశీ ఫ్యాక్టరీ అయినా లైసెన్సు తీసుకోవాలి. పెద్ద కంపెనీ ఆ ఖర్చు తట్టుకుంటుంది. రెండొందల పెట్టెలు పంపే చిన్న కంపెనీ తట్టుకోలేదు. అందుకే చిన్న కంపెనీల ఆటల్లో 14+ అని ఉన్నవాటిని ముందు వెతకండి.

ఆదివారం_పావులు: చాలా థాంక్సండీ. పోయిన పావుల్ని ఏటికొప్పాకలో చేయించవచ్చా?

లక్కపిడత: చేయించవచ్చు, కానీ తరిమెన (లేత్) మీద తిరిగేవి గుండ్రటి ఆకారాలే. బిళ్ల, స్తంభం, శంకువు కుదురుతాయి, చేతులు చాపిన మీపుల్ (మనిషి ఆకారపు పావు) కుదరదు. కార్కసోన్‌కైతే అంకుడు కర్రతో 16 మి.మీ. ఎత్తు పావు అడగండి, రంగు కలవడానికి ఉన్న పావు ఒకటి పట్టుకెళ్లండి. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. ఆ ఆటలో రైతుని పొలంలో పడుకోబెట్టాలి కదా, గుండ్రటి పావు దొర్లిపోతుంది. అందుకని ఒక పక్క చదునుగా రుద్దించండి. ఆ పని లక్క పట్టించకముందే అవ్వాలి, తర్వాత రుద్దితే అక్కడ రంగు పోయి తెల్లకర్ర బయటపడుతుంది.