మొదటి సెట్టు వాల్వుతోనే చేయించాలా? తిరుపతి, చిత్తూరు హామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రుల మధ్య చర్చ

ఏరియల్_తిరుచానూరు:

అందరికీ నమస్కారం. ఆదివారాలు మా ఇంటికి పని నేర్చుకోవడానికి వచ్చే ఇంజనీరింగు పిల్లల చేత మొదటి సెట్టుగా ఏం చేయించాలన్న మాట పోయిన వారం వచ్చింది. ఇప్పుడు ఎవరండీ వాల్వులు (పాత రేడియోల్లోని గాజు బుడ్లు) ముట్టుకునేది, ఒక కిట్ కొనిచ్చేస్తే పోలే అన్నారు కొందరు. నాకు ఆ మాట రుచించలేదు. వాల్వుతోనే మొదలుపెట్టాలని నా పట్టుదల. ముందు ఒకే వాల్వు రీజెనరేటివ్ రిసీవర్, అది పలికాక 6వీ6 అనే పవర్ వాల్వుతో చిన్న సీడబ్ల్యూ (మోర్స్ సంకేతాలు పంపే) ట్రాన్స్‌మిటర్.

అమెరికా ఇంజనీరు ఆర్మ్‌స్ట్రాంగ్ 1914లో పేటెంటు పొందిన పద్ధతి ఈ రీజెనరేటివ్ రిసీవర్‌ది. వాల్వులో సిగ్నల్ బయటికొచ్చే ప్లేటు దగ్గర పెరిగిన సిగ్నల్లో కొంత భాగాన్ని టిక్లర్ అనే చిన్న కాయిల్ ద్వారా మళ్లీ సిగ్నల్ లోపలికెళ్లే గ్రిడ్డుకే పంపుతాం. కంట్రోలు మెల్లగా తిప్పుతూ పోతే హెడ్‌ఫోన్లో బుస పెరుగుతుంది, అడుగున ఎక్కడో ఉన్న స్టేషన్ పైకి తేలుతుంది, ఇంకాస్త తిప్పితే కీచుమని ఈల. సరిగ్గా ఆ అంచున నిలబెట్టి కాయిల్ వైపు చెయ్యి చాపితే ఈల శ్రుతి మారిపోతుంది. ఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటో, ఆసిలేషన్ ఎక్కడ మొదలవుతుందో, చెయ్యి కూడా ఒక కండెన్సరే ఎలా అవుతుందో వాడి వేళ్లకే తెలిసిపోతుంది. ఐసీ లోపల ఇదంతా జరుగుతూనే ఉంటుంది, కానీ వాడి చెయ్యి పడేది కాళ్ల మీద సోల్డరింగు వరకే.

చిత్తూరు_మెకానిక్:

సార్, మీ మీద గౌరవంతోనే చెప్తా ఉండా. ఒద్దు సార్.

మా నాయన కాలం నుంచి మాది రేడియో రిపేరు అంగడి. పాత ఏసీ-డీసీ సెట్లు మీరూ చూసే ఉంటారు. ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, వాల్వుల లోపల వేడెక్కే హీటర్లన్నీ వరసగా కలిపి నేరుగా మెయిన్స్‌కే ఇచ్చేస్తారు. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ (సెట్టు ఇనప చట్రం) మొత్తం 230 ఓల్టులు. ఒకాయప్ప నాబ్ ఊడిపోయిన సెట్టు తెచ్చి, ఆ ఇనప కడ్డీ పట్టుకొని చూపించబోయినాడు. పక్కనున్న కుర్రోడు ప్లగ్గు పీకినాడు కాబట్టి సరిపోయింది. ఆ పొద్దు నుంచి మెయిన్స్‌తో నేరు సంబంధం తెంపే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా అట్లాంటి సెట్టు నేను బల్ల మీద పెట్టను.

మీరు చేయించేది ట్రాన్స్‌ఫార్మర్ ఉండే సెట్టే కావొచ్చు. అయినా 300 ఓల్టుల డీసీ ఉంటుంది కదా. 12 ఓల్టుల పనిలో పిల్లోడు తప్పు చేస్తే ట్రాన్సిస్టర్ పోతుంది. ఇక్కడ తప్పు చేస్తే పిల్లోడే పోతాడు. ఏమన్నా అయితే వాళ్లమ్మకు ఎవురు జవాబు చెప్పాల?

గాదంకి_దారి:

మెకానిక్ అన్న చెప్పింది భద్రత గురించి. నా అభ్యంతరం వేరే. ఈ చదువు ఈ కాలానికి అక్కరకొస్తుందా?

చిత్తూరు దారిలో గాదంకిలో ఉన్న, పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్‌నే తీసుకోండి. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఆ పెద్ద రాడార్ మొదట్లో ట్రయోడ్ వాల్వుల ట్రాన్స్‌మిటర్లతో నడిచింది. తరువాత వాటిని తీసేసి 1024 సాలిడ్‌స్టేట్ (ట్రాన్సిస్టర్ల) మాడ్యూళ్లు పెట్టారు. మన పక్కనే ఉన్న ప్రయోగశాల వదిలిపెట్టిన దారిలో పిల్లలను మళ్లీ ఎందుకు నడిపించడం?

పోనీ ట్రాన్సిస్టర్లతో సొంతంగా చేసే దారి లేదా అంటే, మన హైదరాబాదు నుంచే వచ్చింది. అష్హర్ ఫర్హాన్ గారి బిట్‌ఎక్స్ అనే, పంపడం వినడం రెండూ చేసే సెట్టు 2003 నాటిది. ఫ్యాన్సీ టొరాయిడ్లు (కాయిల్ చుట్టే రింగులు) దొరకని వాళ్లు కుళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టుకొనేలా డిజైన్ చేశారాయన. అంతకంటే మన పద్ధతి ఏముంది? బోర్డు మీద ఒక్కో స్టేజీ కడుతూ, కొలుస్తూ పోతే పిల్లలకు ఫిల్టరు, మిక్సరు, బీఎఫ్ఓ (సిగ్నల్‌ను వినపడే మాటగా మార్చడానికి వాడే ఆసిలేటరు) అన్నీ తెలుస్తాయి, చివరికి చేతిలో మాట్లాడే సెట్టు ఉంటుంది. ఒంటి వాల్వు ట్రాన్స్‌మిటర్‌తో మిగిలేది చిర్ప్ కొట్టే (కీ నొక్కగానే స్వరం జారే) సీడబ్ల్యూ మాత్రమే.

ఇంకో చిక్కు. ఇప్పుడు చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికే, ఫ్రీక్వెన్సీని నిలిపే చిన్న డబ్బా క్రిస్టళ్లు వాల్వు ఆసిలేటరు తోసే కరెంటుకు ఆగవు. లోపలి పలక పగులుతుంది. పాతకాలపు పెద్ద క్రిస్టళ్లు యాడ దొరుకుతాయి?

ల్యాబ్_బెంచీ:

నేను కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తాను. వాల్వు అనగానే అందరూ 300 ఓల్టుల దగ్గరే ఆగిపోయారు. బ్యాటరీ వాల్వులను మరిచిపోయారా? కరెంటు లేని పల్లెల్లో రేడియోలు వాటితోనే పాడేవి.

1టీ4 అనే ఏడు పిన్నుల చిన్న వాల్వు ఉంది, యూరప్ పేరు డీఎఫ్91. ఫిలమెంటుకు 1.4 ఓల్టులు, 50 మిల్లీఆంపియర్లు చాలు, ఒక పెన్‌టార్చి సెల్లు సరిపోతుంది. ప్లేటుకు తొమ్మిది ఓల్టుల బ్యాటరీలు ఐదు వరసగా కలిపితే 45 ఓల్టులు. దాంతో రీజెనరేటివ్ డిటెక్టర్ చక్కగా పలుకుతుంది. మెయిన్స్‌తో పనే లేదు. పైగా బ్యాటరీ కాబట్టి హమ్ (మెయిన్స్ గుంయ్ చప్పుడు) ఉండదు.

కాయిల్ కూడా చెప్పేస్తాను. అంగుళం వ్యాసం ఉన్న ప్లాస్టిక్ గొట్టం మీద అంగుళం పొడవున 17 చుట్లు చుడితే దాదాపు 5 మైక్రోహెన్రీలు వస్తుంది. దానికి 100 పికోఫారడ్ల వేరియబుల్ కండెన్సర్ కలిపితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 40 మీటర్ల బ్యాండులో పడుతుంది. టిక్లర్ నాలుగైదు చుట్లు. ఈల రాకపోతే టిక్లర్ తీగల కొసలు మార్చి కలపండి. ఏరియల్‌ను నేరుగా ట్యూనింగ్ కాయిల్‌కు తగిలించకండి, ఈల పెట్టినప్పుడు మన రిసీవరే చిన్న ట్రాన్స్‌మిటర్ అయి పక్కింటి రేడియోకు అడ్డం పడుతుంది. ముందొక ఆర్ఎఫ్ స్టేజీ (ఏరియల్‌కూ డిటెక్టర్‌కూ మధ్య మరో యాంప్లిఫయరు) పెడితే మరీ మంచిది.

కొత్త_లైసెన్స్:

మేడమ్, 45 ఓల్టులు షాక్ కొట్టదా? మా హాస్టల్లో చేసుకోవచ్చా? మావాళ్లలో ఇద్దరికి ఇంకా లైసెన్సు రాలేదు.

ల్యాబ్_బెంచీ:

పొడి చేతికి ప్రమాదం లేదమ్మా. తడి చేతులతో మాత్రం వద్దు. నీకంటే ఎక్కువ భయం వాల్వుకే ఉండాలి. ప్లేటు తీగ జారి ఫిలమెంటు పిన్నుకు తగిలితే రెప్పపాటులో ఫిలమెంటు తెగిపోతుంది. అందుకే 45 ఓల్టుల లైనులో 10 కిలోఓమ్స్ రెసిస్టర్ ఒకటి వరసలో పెట్టు. లైసెన్సు లేనివాళ్లు ఆర్ఎఫ్ స్టేజీ పెట్టి రిసీవర్ చేసుకోనీ, ట్రాన్స్‌మిటర్ మాత్రం ముట్టుకోవద్దు.

ఏరియల్_తిరుచానూరు:

మేడమ్ చెప్పిన 1టీ4 రిసీవర్‌కు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మొదటి సెట్టు అదే. గాదంకి_దారి తమ్ముడూ, రాడార్ నడిపేవాళ్లు మారడానికి కారణం నిర్వహణ, నియంత్రణ. వాళ్లకు రోజూ కొలతలు కావాలి. పిల్లలకు కావలసింది వేరు. బిట్‌ఎక్స్ మీద నాకు ఎంతో గౌరవం, రెండో ఏడాది అదే చేయించాలి. కానీ అందులో ఒక స్టేజీ పలకకపోతే మొదటిసారి చేసే పిల్లవాడు ఎక్కడ వెతకాలో తెలియక వదిలేస్తాడు. ఒంటి వాల్వులో వెతకడానికి నాలుగు చోట్లే ఉంటాయి.

ట్రాన్స్‌మిటర్ దగ్గర మాత్రం నేను తగ్గను. ఏరియల్ సరిగా కలవకపోతే అవుట్‌పుట్ మాస్‌ఫెట్ చప్పుడు లేకుండా పోతుంది. 6వీ6 అయితే ప్లేటు ఎర్రబడుతుంది, చూసి మోర్స్ కీ వదలవచ్చు. అది ఇచ్చే నాలుగైదు వాట్లు రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు 50 వాట్ల పరిమితికి చాలా లోపలే. హార్మోనిక్స్ (అనవసరపు గుణిజ ఫ్రీక్వెన్సీలు) ఆపడానికి పై (π) నెట్‌వర్క్ అనే ఫిల్టరు ఎలాగూ ఉంటుంది. క్రిస్టల్ సమస్య నిజమే. క్రిస్టల్‌ను ట్రాన్సిస్టర్ ఆసిలేటరులో తక్కువ కరెంటుతో నడిపి, 6వీ6ను దాని వెనుక యాంప్లిఫయరుగా వాడితే పలకా పగలదు, చిర్ప్ కూడా తగ్గుతుంది.

హెచ్‌టీకి (ప్లేటుకిచ్చే 300 ఓల్టులకు) మెయిన్స్‌ను నేరుగా వాడమనడం లేదు. అంగట్లో దొరికే 6-0-6 ట్రాన్స్‌ఫార్మర్లు రెండు వీపులు కలిపి (6 ఓల్టుల వైపులు ఒకదానికొకటి) పెడితే ఐసోలేషన్ వస్తుంది, మధ్యలోని 6 ఓల్టులు 6వీ6 హీటరుకు పనికొస్తాయి. ఇంకా మంచిది కావాలంటే బోరు మోటార్లు చుట్టే షాపులో ట్రాన్స్‌ఫార్మర్లు కూడా చుట్టేవాళ్లు ఉంటారు. పొర పొరకూ ఇన్సులేషన్ కాగితం వేయమని దగ్గరుండి చెప్పాలి. 47 మైక్రోఫారడ్ కండెన్సర్‌కు అడ్డంగా 100 కిలోఓమ్స్, 3 వాట్ల బ్లీడర్ (మిగిలిన ఓల్టేజిని దించే రెసిస్టర్) పెడితే 300 ఓల్టులు పది సెకన్లలోపే 50కి దిగుతాయి. బ్లీడర్ లేని సెట్టుకు నేను కరెంటు ఇవ్వనివ్వను.

చిత్తూరు_మెకానిక్:

సార్, బ్లీడర్ గురించి చెప్పినారు, సంతోషం. అయితే బ్లీడర్ కూడా తెగిపోతుంది. పది సెకన్లు అని లెక్కపెట్టుకొని చెయ్యి పెట్టేదానికన్నా, రెసిస్టర్ తగిలించిన ఇన్సులేటెడ్ కడ్డీతో డిశ్చార్జి చేసి, ఆ మీదట మీటరు పెట్టి చూసేది అలవాటు చేయాల. ఇంగ మీరు చెప్పనిది ఒకటుండాది. 6వీ6కు కీ యాడ పెడతారు? పాత బొమ్మల్లో క్యాథోడ్‌లో పెట్టింటారు. కీ ఎత్తినప్పుడు ఆ రెండు కొసల మధ్య పెద్ద ఓల్టేజి నిలుస్తుంది. పిల్లోడి వేలు ఉండేది సరిగ్గా ఆడే కదా.

ఏరియల్_తిరుచానూరు:

కీని ట్రాన్సిస్టర్ ఆసిలేటరు వైపే పెడదాం. అక్కడ 12 ఓల్టులే. కీ ఎత్తినప్పుడు 6వీ6 ఎక్కువ కరెంటు లాగకుండా గ్రిడ్డుకు కొంచెం నెగెటివ్ బయాస్ ఇస్తాను. ఛాసిస్ ఎర్తు చేసి, అడుగున మూత బిగించాకే స్విచ్చి వేయాలి. సరేనా?

చిత్తూరు_మెకానిక్:

కీ సంగతి సరే. ట్రాన్స్‌మిటర్‌కు నేనింకా ఒప్పుకోలా, ముందు రిసీవర్లు పలకనీండి. 1టీ4లు కొన్ని నా డబ్బాలో ఉండాయి. డిజిటల్ మీటరుతో ఫిలమెంటు చూసి, బాగుండేవి ఏరి పంపిస్తా. వాల్వులు గుచ్చే బేసులు మాత్రం మీరు చెన్నైలోనే చూసుకోవాల.